చాకుకు పదును - చేతికి భద్రత

కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అని సామెత. బాయి పనికి పోయే తండ్రులు, వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా పనిచేసే అన్నలు ఉన్న సెంటినరీ కాలనీలో ఇనుము గురించి, పదును గురించి వ్యాసం రాయడం అలాంటిదే. అయినా రాయడానికి ఒక కారణం ఉంది. బాయిలోకి కొత్తగా దిగే మనిషికి ముందు శిక్షణ ఇవ్వాలి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు ఆ మాటే చెబుతున్నాయి. వంటింట్లో చాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పకుండానే మన చేతికి వస్తుంది.

హాస్టల్‌లో ఉన్నన్నాళ్ళు కూరగాయలు తరిగే భారం కుక్ అన్నది, కామాటి అక్కది. పదో తరగతి, ఇంటర్ దాటి గోదావరిఖనికో, కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో పోయి నలుగురం కలిసి రూము తీసుకున్నామంటే ఆ భారం మన మీద పడుతుంది. అప్పుడు రెండు గిన్నెలు, ఒక స్టవ్వు, ఒక చాకు కొంటాం. గిన్నె కొనేటప్పుడు అడుగు మందం చూస్తాం. స్టవ్వు కొనేటప్పుడు మంట చూస్తాం. చాకు మాత్రం చేతికి అందినది తీసుకుంటాం. అది మూడు నెలలకు మొద్దుబారుతుంది. దానితోనే మూడేళ్ళు కుస్తీ పడతాం. ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఒక్కటే. చేయి తెగేది పదునైన చాకు వల్ల కంటే మొద్దు చాకు వల్లనే ఎక్కువ. మంచి చాకు ఎంచుకోవడానికి, దాన్ని పదునుగా ఉంచుకోవడానికి పెద్ద డబ్బు అవసరం లేదు, తెలిసి ఉంటే చాలు.

మొద్దు చాకు ఎందుకు ప్రమాదం?

హైస్కూలు భౌతికశాస్త్రంలో పీడనం పాఠం గుర్తు చేసుకోండి. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. చాకు అంచు ఎంత సన్నగా ఉంటే ఆనే వైశాల్యం అంత తక్కువ, పీడనం అంత ఎక్కువ. అంచు మందం పదింతలు పెరిగితే అదే కోతకు పదింతల బలం కావాలి. ఆ బలమంతా మన చేయి పెట్టాలి. అంత గట్టిగా నొక్కుతున్నప్పుడు టమాట తోలు మీదనో, ఉల్లిగడ్డ పొర మీదనో అంచు జారితే, ఆ బలమంతా పక్కనున్న వేలి మీద పడుతుంది. పదునైన చాకును నొక్కనక్కర లేదు. అది దిగాలనుకున్న చోటే దిగుతుంది గనుక అదుపులో ఉంటుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి కొత్తది కాదు. 2014లో ఉత్పత్తి మొదలుపెట్టిన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గును కోసే షియరర్ యంత్రాన్ని తీసుకోండి. దాని డ్రమ్ము చుట్టూ పిక్కులు ఉంటాయి. వాటి మొనలకు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థం అమరుస్తారు. పిక్కు అరిగితే యంత్రం ఎక్కువ శక్తి తీసుకుంటుంది, దుమ్ము పెరుగుతుంది, నిప్పురవ్వల ప్రమాదం పెరుగుతుంది. అందుకే అరిగిన పిక్కును మారుస్తారు. అంత పెద్ద యంత్రానికి వర్తించే సూత్రమే మన మూడంగుళాల చాకుకూ వర్తిస్తుంది.

ఉల్లిగడ్డ కోస్తే కన్నీళ్ళు రావడం కూడా కొంత పదును మీదనే ఆధారపడుతుంది. 2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో ఈ విషయం పరిశీలించారు. మొద్దు చాకు కింద ఉల్లిగడ్డ పొర ముందు నొక్కుకుపోయి, తర్వాత ఒక్కసారిగా చీలుతుంది. అప్పుడు రసం తుంపరలు ఎక్కువగా, ఎక్కువ వేగంతో ఎగురుతాయి. పదునైన చాకుతో, నెమ్మదిగా కోస్తే తుంపరలు తగ్గుతాయి.

కత్తిపీటా? చాకా?

మన ఇళ్ళలో అసలు పనిముట్టు కత్తిపీట. కొందరు ఈలపీట అంటారు. పీటను కాలితో అదిమిపడితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కాయను బ్లేడు మీదికి తోస్తే చాలు. సొరకాయ, గుమ్మడికాయ, క్యాబేజీ వంటి పెద్దవాటికి, ఆకుకూరల కట్టలకు దీనికి సాటి లేదు. నూరు మంది పిల్లలున్న హాస్టల్‌లో తలకు 100 గ్రాముల చొప్పున లెక్క వేసినా పూటకు 10 కిలోల కూరగాయలు తరగాలి. అంత పనికి చిన్న చాకు చాలదు.

అయితే కత్తిపీట బ్లేడు ఎప్పుడూ పైకి లేచి ఉంటుంది. పని కాగానే మడత పీట అయితే మడవాలి. మడత లేనిదైతే పక్కకు పడుకోబెట్టి, బ్లేడు గోడ వైపు ఉండేలా పెట్టాలి. నడిచే దారిలో ఒక్క నిమిషం కూడా నిలబెట్టి ఉంచకూడదు.

ఆలుగడ్డ తోలు తీయడం, ఎల్లిగడ్డ పాయలు ఒలవడం, అల్లం గీకడం, పచ్చిమిరపకాయ చీల్చడం, టమాట తొడిమ తీయడం, వంకాయలో పురుగు పట్టిన భాగం తొలగించడం, ఇవన్నీ చిన్న చాకు పనులు. దీని బ్లేడు 3 నుంచి 4 అంగుళాలు ఉంటే సరిపోతుంది. రూములో ఉండే విద్యార్థికి మొదట కొనవలసినది ఇదే.

ఉక్కు గురించి కొంచెం

ఇనుములో కార్బన్ తగిన పాళ్ళలో కలిస్తే ఉక్కు అవుతుంది. మన కాళ్ళ కింద ఉన్న బొగ్గులో ముఖ్య భాగం కూడా ఆ కార్బనే. కార్బన్ తగినంత ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్ళీ కొద్దిగా వేడి చేస్తే గట్టిదనం, సాగే గుణం రెండూ సమపాళ్ళలో వస్తాయి. దీన్నే వర్క్‌షాపులో టెంపర్ అంటారు. చాకు పదును నిలబడేది ఈ టెంపర్ వల్లనే.

ఈ విద్యలో తెలంగాణకు గొప్ప చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసలో రెండు రకాల ఇనుము వేసి, మూత బిగించి, కొలిమిలో కాల్చి ఉక్కు ముద్దలు తయారు చేసేవారు. ఇందులో కార్బన్ 1 నుంచి 2 శాతం దాకా ఉండేది. డాక్టర్ వాయ్‌సీ అనే ఆంగ్లేయుడు అక్కడికి పోయి ఆ పద్ధతిని కళ్ళారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం నుంచి ఒక వ్యాపారి ఆ ఉక్కు కోసం అంత దూరం వచ్చి కూర్చున్నాడని ఆయన రాశాడు. ఇలాంటి ఉక్కుకు ఇంగ్లీషు వాళ్ళు పెట్టుకున్న వూట్జ్ అనే పేరు మన దక్షిణ భాషల ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితుల అభిప్రాయం.

కార్బన్ ఉక్కుకు ఒక లోపం ఉంది. తడి తగిలితే జంగు పడుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు తయారు చేశాడు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని సన్నని పొరగా ఏర్పడి జంగును ఆపుతుంది. అదే స్టెయిన్‌లెస్ స్టీలు. మొదట్లో షెఫీల్డ్ చాకుల తయారీదారులు ఆయనను తెగని చాకులు కనిపెట్టిన మనిషి అని వెక్కిరించారు. టెంపర్ సరిగా కుదిరిన తర్వాతనే ఆ ఉక్కు చాకులు ప్రపంచమంతా పాకాయి.

మన దగ్గర మూడు రకాల చాకులు దొరుకుతాయి. మొదటిది, ఫ్యాక్టరీలో చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు చాకు. తడిలో మన్నుతుంది. రూములో ఉండేవారికి ఇదే మేలు. రెండవది, కమ్మరి చేసిన కార్బన్ ఉక్కు చాకు. లారీ కమాను పట్టీల నుంచి మన కమ్మరులు కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు చేస్తారు. ఇది రాయి మీద త్వరగా పదునెక్కుతుంది, కానీ ప్రతిసారీ తుడిచి ఆరబెట్టాలి. మూడవది, వాడి పడేసిన పవర్ హాక్సా బ్లేడును అరగదీసి, పిడి వేసిన చాకు. వర్క్‌షాపులున్న ఊళ్ళలో ఇది అందరికీ తెలిసినదే. చాలా గట్టిది, పదును నిలుస్తుంది. కానీ వంచితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. దీనితో దేన్నీ మెలితిప్పకూడదు.

కొనేటప్పుడు చూడవలసినవి

1. పిడి. తడి చేత్తో పట్టుకున్నా జారకూడదు. నున్నగా మెరిసే పిడి కంటే కాస్త గరుకుగా ఉన్నది మంచిది. మీ అరచేతికి నిండుగా అందాలి.

2. పిడిలోకి పోయిన ఉక్కు. బ్లేడు పిడిలోకి ఎంత లోతుగా పోతే అంత గట్టి. రివిట్లు ఉంటే అవి కదలకూడదు, చుట్టూ సందులు ఉండకూడదు. సందులో నీళ్ళు, కూరగాయల పసరు చేరి కుళ్ళుతాయి. పిడిని, బ్లేడును పట్టుకొని నెమ్మదిగా కదిపి చూడండి. కొంచెం ఆడినా తీసుకోవద్దు.

3. బ్లేడు తిన్నదనం. మొన మీ ముందుకు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. అంచు గీత తిన్నగా ఉండాలి. వీపు నుంచి అంచు వరకు క్రమంగా సన్నబడాలి. రేకు ముక్కలాగ అంతటా ఒకే మందం ఉన్నది పదును నిలుపుకోదు.

4. అయస్కాంతం. అయస్కాంతం అంటుకుంటే అది మంచి స్టీలు కాదని కొందరంటారు. గిన్నెల విషయంలో ఎలా ఉన్నా చాకుల విషయంలో అది తప్పు. గిన్నెలకు ఎక్కువగా వాడే స్టీలు అయస్కాంతానికి అంటదు, టెంపరూ పట్టదు. చాకులకు వాడే స్టీలు టెంపర్ పట్టాలి. అది అయస్కాంతానికి అంటుకుంటుంది.

5. పళ్ళున్న చాకు. రంపంలాగ పళ్ళున్న చాకు టమాటకు, రొట్టెకు బాగుంటుంది. కానీ ఇంట్లో రాయి మీద దాన్ని నూరలేము. ఒక్క చాకే కొనేవారు పళ్ళు లేనిది కొనడం మంచిది.

6. ధర. పేరున్న విదేశీ చాకులు బాగానే ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో 1884లో మొదలైన విక్టోరినాక్స్ కంపెనీ చిన్న చాకులు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. కానీ అవే కావాలని లేదు. గోదావరిఖని బజారులోనో, అంగడిలోనో తక్కువ ధరకు దొరికే దేశీయ చాకు పై గుణాలతో ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. చాకు మీద మిగిలిన డబ్బుతో ఒక సానరాయి కొనండి. రాయి ఉన్నవాని చౌక చాకు, రాయి లేనివాని ఖరీదైన చాకు కంటే బాగా తెగుతుంది.

పట్టుకునే తీరు, కోసే తీరు

కాయను పట్టుకున్న చేతి వేళ్ళ కొసలు లోపలికి మడిచి ఉంచాలి. చాకు పక్క భాగం వేలి కణుపులకు తాకుతూ కదలాలి. అప్పుడు అంచు గోళ్ళ వైపు రాదు. దొర్లే కాయను ముందు మధ్యకు కోసి, కోసిన ముఖం కింద పెట్టండి. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, బీట్‌రూట్ అన్నిటికీ ఇదే పద్ధతి. కింద చెక్క పలక గానీ ప్లాస్టిక్ పలక గానీ ఉండాలి. కడప బండ మీద, షాబాదు బండ మీద, స్టీలు పళ్ళెంలో కోస్తే అంచు రాసుకొని త్వరగా పాడవుతుంది. పలక జారకుండా దాని కింద తడి గుడ్డ పరచండి.

చాకు చేయి జారి పడుతుంటే పట్టుకోబోవద్దు. కాళ్ళు వెనక్కి తీసి పడనివ్వండి. చాకు నేల మీద పడితే మహా అయితే మొన వంగుతుంది. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు చేతికి అందించకుండా కింద పెట్టాలని పెద్దలు అంటారు. చేతికిస్తే గొడవలొస్తాయనే నమ్మకం సంగతి ఎలా ఉన్నా ఆ అలవాటు మంచిది. చాకుతో డబ్బా మూతలు తీయడం, కొబ్బరికాయ చిప్ప వేరు చేయడం, ఎముకలు కొట్టడం, స్క్రూలు తిప్పడం చేయవద్దు. మొన విరిగేదీ, చేతికి గుచ్చుకునేదీ ఈ పనుల్లోనే.

రోజూ చేయవలసినది

పని కాగానే చాకును విడిగా కడగాలి. మిగతా అంట్లతో కలిపి తొట్టిలో వేయకూడదు. నురుగు నీళ్ళలో చాకు కనబడదు, గిన్నెలు తోమే అక్క చేయి తెగుతుంది. కడిగేటప్పుడు వీపు వైపు నుంచి తుడవాలి. వెంటనే పొడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కదా అని ఉప్పు, చింతపండు రసం అంటిన చాకును రాత్రంతా వదిలేస్తే దానికీ చిన్న చిన్న గుంటలు పడతాయి.

కార్బన్ ఉక్కు చాకు మామిడికాయకు, ఉల్లిగడ్డకు నల్లబడుతుంది. అది సహజమే. ఎర్రని జంగు మాత్రం రానివ్వకూడదు. వాడకుండా చాలా రోజులు పెట్టవలసి వస్తే రెండు చుక్కల నూనె రాయండి. దేన్నయినా గుచ్చడానికో, ప్లాస్టిక్ కరిగించడానికో చాకును మంట మీద కాల్చవద్దు. టెంపర్ పోతుంది. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. దాచేటప్పుడు అట్టముక్కను మడిచి తొడుగులా వేస్తే అంచుకూ, చేతికీ రక్షణ.

పదును పెట్టే పద్ధతి

పచారీ, హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న కార్బొరండం రాయి దొరుకుతుంది. ఈ పదార్థాన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఎచిసన్ బంకమట్టిని, కోక్ పొడిని కలిపి విద్యుత్తుతో వేడి చేసి కనిపెట్టాడు. అందులోనూ ఉన్నది కార్బనే.

రాయిని నీళ్ళలో పది నిమిషాలు నాననివ్వండి. తడి గుడ్డ మీద కదలకుండా పెట్టండి. బ్లేడును రాయి మీద పడుకోబెట్టి, వీపు వైపు కాస్త పైకి లేపండి. వాలు 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. పదో తరగతి త్రికోణమితి ఇక్కడ పనికివస్తుంది. బ్లేడు వెడల్పు 2 సెంటీమీటర్లనుకుంటే, సైన్ 15 డిగ్రీల విలువ 0.26 గనుక వీపు సుమారు అర సెంటీమీటరు ఎత్తులో ఉండాలి. అంటే పెన్సిల్ మందం కంటే కొంచెం తక్కువ.

ఆ వాలు మార్చకుండా పిడి దగ్గరి నుంచి మొన దాకా, అంచు ముందుకు నడిచేలా, రాయి మీది నుంచి సన్నని పొర కోస్తున్నట్టుగా తోయండి. గట్టిగా నొక్కవద్దు. ఒక వైపు పది సార్లు తోసిన తర్వాత రెండో వైపు అంచును వేలితో అడ్డంగా, మెల్లగా తడిమి చూడండి. సన్నని గరుకు తగలాలి. వర్క్‌షాపులో దాన్ని బర్ అంటారు. అది అంచు పొడవునా వచ్చిందంటే ఆ వైపు పని అయినట్టు. తగలకపోతే ఇంకొన్ని సార్లు తోయండి. తర్వాత రెండో వైపు కూడా అలాగే. చివరకు నునుపు వైపు మీద ఒక్కొక్క వైపు ఒక్కొక్కసారి, తేలికగా ఐదారు సార్లు తోస్తే ఆ బర్ పోతుంది. కడిగి తుడవండి.

రాయి లేనప్పుడు పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద అదే వాలుతో నాలుగైదు సార్లు రాసినా తాత్కాలికంగా పదును వస్తుంది. సైకిల్ మీద చక్రం బిగించుకొని వచ్చే సాన పట్టే ఆయన దగ్గరైతే ఒక మాట చెప్పండి. బ్లేడును మధ్య మధ్య నీళ్ళలో ముంచమనండి. నిప్పురవ్వల వేడికి అంచు నీలం రంగుకు తిరిగితే అక్కడ టెంపర్ దెబ్బతిన్నట్టే.

పదును వచ్చిందా అని చూడడానికి బొటనవేలు అంచు వెంట లాగవద్దు. పండిన టమాట మీద చాకు పెట్టి, నొక్కకుండా ముందుకు జరపండి. తోలు తెగితే పదును ఉన్నట్టు. రూములో నెలకో రెండు నెలలకో ఒకసారి, హాస్టల్ వంటగదిలో వారానికి ఒకసారి నూరితే చాలు.

ఒకవేళ తెగితే

శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. చేయి గుండె కంటే ఎత్తుగా ఉంచండి. పది నిమిషాల పాటు మధ్యలో తీసి చూడవద్దు. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దవద్దు. రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకొని ఉన్నా, వేలు వంగకపోయినా, వేలి కొసకు స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. వేలు వంచే నరం, స్పర్శ తెలిపే నరం తెగితే త్వరగా కుట్టినప్పుడే మంచి ఫలితం ఉంటుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి.

వేలు చిన్నదే గానీ పెన్ను పట్టేదీ, పనిముట్టు పట్టేదీ అదే. పరీక్షల ముందు చేయి తెగిన విద్యార్థికీ, కూలికి పోయే తల్లికీ, రోజూ కిలోల కొద్దీ కూరగాయలు తరిగే మన కుక్ అన్నకూ, కామాటి అక్కకూ ఆ వేలి విలువ తెలుసు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ప్లేట్లు, గ్లాసులు బహూకరించడం మన ఆనవాయితీ. ఈసారి వాటితో పాటు వంటగదికి రెండు మంచి చాకులు, ఒక సానరాయి, ఒక చెక్క పలక ఇద్దాం. నూరే పద్ధతి తెలిసినవారు ఒక అరగంట కూర్చొని తమ్ముళ్ళకు చూపిద్దాం. దసరా నాడు పనిముట్లను కడిగి, కుంకుమ బొట్టు పెట్టి మొక్కుతాం. మిగతా రోజుల్లో కూడా కడిగి, తుడిచి, పదును పెట్టి ఉంచితే ఆ పూజకు అర్థం ఉంటుంది.